నత్తగుల్లల రాయి, నల్లటి స్తంభాలు

(సాలిస్‌బరీ ప్రయాణానికి ముందు, దక్షిణ ఇంగ్లండులో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం బస్సులో సాలిస్‌బరీ వెళ్తున్నాం కదా. అక్కడి గైడు ముందుగా కేథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి, దాని శిఖరం ఎత్తు చెప్తాడు. 123 మీటర్లు, బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తైన చర్చి శిఖరం లేదంటాడు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందపత్రం, 1215 నాటి మాగ్నా కార్టా ప్రతి చూపిస్తాడు. పిల్లలుంటే పాత గడియారం దగ్గరికి తీసుకెళ్తాడు. అవన్నీ చూడండి, తప్పు లేదు. నన్ను మాట్లాడమన్నది మాత్రం అక్కడి రాయి గురించి. జియాలజీ చదువుకున్నవాడికి మైకు ఇచ్చాక రాళ్లు తప్ప ఇంకేం వినిపిస్తాడు, భరించండి.

లోపలికి అడుగుపెట్టగానే రెండు రంగులు కనిపిస్తాయి. గోడలు లేత మీగడ రంగులో ఉంటాయి. అది దగ్గరలోనే ఉన్న చిల్‌మార్క్ రాయి. పెద్ద స్తంభాల చుట్టూ అతుక్కుని, సన్నగా, నిటారుగా, నిగనిగలాడుతూ నల్లటి కంబాలు ఉంటాయి. దూరం నుంచి నల్లగా కనిపిస్తాయి గానీ దగ్గరికెళ్తే బూడిద రంగు, కొంచెం నీలం, కొంచెం పచ్చ, అక్కడక్కడా ఎర్ర జీర. దాన్ని పర్బెక్ మార్బుల్ అంటారు. ఈరోజు నా కబుర్లన్నీ దాని మీదే.

మీరు చేయాల్సిన పని ఏమిటంటే, ఒక కంబం దగ్గరకు జానెడు దూరంలోకి వెళ్లి నిలబడండి. ఫోన్ టార్చ్ పక్కనుంచి వెయ్యండి, ఎదురుగా వద్దు. గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి, ఒక్కోటి మన చిటికెనవేలి గోరంత. కొన్ని రింగుల్లా ఉంటాయి, కొన్ని చుట్లు తిరిగి మొన తేలి ఉంటాయి. అవి నత్తలు. గుల్ల అడ్డంగా కోతపడితే రింగు, నిలువుగా పడితే చుట్లు. లోపల తెల్లగా మెరుస్తుంటే అది గుల్ల ఖాళీలో పేరుకున్న కాల్సైట్ స్ఫటికం, అంటే సున్నపురాతి ఖనిజం. ముదురుగా ఉంటే గుల్లలోకి దూరిన బురద. ఒక్కో గుల్ల సగం బురదతో, సగం స్ఫటికంతో ఉంటుంది. బురద అడుక్కి చేరుతుంది కాబట్టి, ఆ గీతను బట్టి అడుగు ఏ వైపో, పై వైపు ఏదో చెప్పొచ్చు. సాలిస్‌బరీ కంబాల్లో ఆ గీత ఎటు తిరిగి ఉందో చూడండి. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ఈ నత్త పేరు వివిపారస్. మంచినీళ్ల నత్త. సుమారు 14 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పుడు డోర్సెట్ అంటున్న చోట లోతులేని మడుగులు, సరస్సులు ఉండేవి. ఆ కాలపు రాళ్ల మీద డైనోసార్ల అడుగుజాడలు కూడా దొరికాయి. నత్తలు తరాల తరబడి పుట్టి, చచ్చి, గుల్లలన్నీ అడుగున గుట్టగా పడ్డాయి. సందుల్లో బురద చేరింది. నేలలోని నీళ్లు సున్నాన్ని తెచ్చి మిగిలిన ఖాళీలన్నీ పూడ్చేశాయి. పల్లీ చిక్కీలో పల్లీలను బెల్లం పాకం ఎలా పట్టి ఉంచుతుందో, ఇక్కడ గుల్లలను కాల్సైట్ అలా పట్టి ఉంచింది. ఖాళీలు మిగలకపోవడం వల్లే ఈ రాయి మెరుగు తీసుకుంటుంది. చిల్లులున్న రాయిని ఎంత రుద్దినా అద్దంలా రాదు.

ఈ నత్తల కుటుంబం ఇంకా బతికే ఉంది. మన చెరువుల్లో, కాలవల్లో, వరిమళ్లలో రాళ్లకీ తూటాకాడలకీ అంటుకుని, చారలతో చిన్న చిన్న నత్తలు ఉంటాయి, చూశారా? గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తుతున్నారు. అవి అదే కుటుంబం. గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే నత్తలు.

ఇక మార్బుల్ అనే పేరు గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. పాలరాయి అంటే సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిపోయి, మళ్లీ స్ఫటికాలు కట్టిన రాయి. అలా మారేటప్పుడు గుల్లలు ఆనవాలు లేకుండా పోతాయి. పర్బెక్‌లో నత్తలు చుట్లతో సహా ఉన్నాయంటే అది సున్నపురాయేనన్నమాట. మెరుగు పడుతుంది కాబట్టి రాతి పనివాళ్లు మార్బుల్ అన్నారు. మన అమరావతి శిల్పాలకూ ఇదే జరిగింది. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి తీసినవి 1859లో లండన్ చేరి అమరావతి మార్బుల్స్ అయ్యాయి. అవి పలనాటి సున్నపురాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు.

కానీ ఆ పలనాటి రాతిలో ఎంత వెతికినా నత్త కనిపించదు. చిన్నప్పుడు మనం పడుకున్న బేతంచెర్ల బండల్లో, తాండూరు నాపరాళ్లలో, షాబాదు బండల్లో గుల్ల చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉండరు. అవన్నీ సముద్రాల్లో గుల్ల ఉన్న జీవి ఇంకా పుట్టని కాలంలో ఏర్పడ్డాయి, యాభై నాలుగు కోట్ల ఏళ్లకు ముందు. కడప జిల్లా వేంపల్లె వైపు రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి, అంతే. గుల్లలున్న సున్నపురాయి మనకు కావాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి వైపు వెళ్లాలి, అక్కడ లావా పొరల మధ్య సన్నగా ఇరుక్కుని ఉంది. అందుకే సున్నపురాతి మీదే పెరిగిన మనకు, గుల్లలతో కిక్కిరిసిన సున్నపురాయి ఇక్కడికొచ్చి చూస్తే కొత్తగా ఉంటుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. పర్బెక్ అనేది డోర్సెట్ తీరంలో, పూల్ హార్బర్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతం. ఐల్ ఆఫ్ పర్బెక్ అంటారు, మూడు వైపులా నీళ్లు, ఒక వైపు నేల. అక్కడ భవనాలకు వాడే మామూలు రాయి బోలెడు ఉంది. దాన్ని పర్బెక్ స్టోన్ అంటారు, ఆ రెంటినీ కలపకండి. మార్బుల్ మాత్రం చాలా తక్కువ. స్వానేజ్ దగ్గర పెవెరిల్ పాయింట్ అనే కొసన సముద్రంలోంచి లేచి, పడమటికి సన్నటి పట్టీలా సాగుతుంది. పైగా పొర పలచన. చాలాచోట్ల అడుగు, రెండడుగులు, మహా అయితే ఇంకాస్త. ఇంగ్లండులో పెద్ద పెద్ద కేథడ్రల్స్‌కు సరఫరా అయిన రాయి ఇంతే మందంలో దొరికేదంటే నమ్మబుద్ధి కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రాతి పని తెలిసిన ఎవర్ని అడిగినా ఒకటే మాట: నేలలో రాయి ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. బరువు పొరల మీద అడ్డంగా పడాలి. నిలువుగా నిలబెడితే పొరలు విడిపోతాయి. ఇదే నియమం పాటిస్తే పర్బెక్ రాయితో అడుగు, రెండడుగుల ఎత్తు దిమ్మెలే వస్తాయి. పొడుగు స్తంభం రాదు. కానీ పొర వెంబడి అడ్డంగా కోస్తే ఆరడుగులు, ఎనిమిదడుగుల పొడుగు కర్రల్లాంటి ముక్కలు దొరుకుతాయి. వాటిని నిలబెట్టాలంటే నియమం తప్పాలి.

వాళ్లు తప్పారు. రాతి కర్రల్ని పొడుగ్గా కోసి, గుండ్రంగా చెక్కి, మెరుగుపెట్టి, నిలువునా నిలబెట్టారు. అందుకే ఇందాక గుల్లల్లో బురద గీత చూడమన్నాను. కంబం నిలువుగా ఉంటుంది, ఆ గీత కూడా నిలువుగానే ఉంటుంది. నీటి అడుగున పడుకున్న మడుగు అక్కడ లేచి నిలబడి ఉంది.

అలా నిలబెట్టినదాని మీద భవనం బరువంతా పెట్టలేరు కదా. కాబట్టి మధ్యలో బలమైన రాతితో లావుపాటి దిమ్మె కట్టి, దాని చుట్టూ ఈ నల్ల కంబాలను నిలబెట్టారు. ఒక కంబానికీ ఇంకో కంబానికీ అతుకు దగ్గర రింగు పెట్టి, దాని తోకను లోపలి దిమ్మెలోకి దించారు. సందుల్లో సీసం కరిగించి పోశారు. శనివారం మీరు తల పైకెత్తితే కంబాలకు మధ్యలో కడియాలు కనిపిస్తాయి. అందం కోసం పెట్టారనుకుంటాం. అది అతుకు. రాయి అంతకన్నా పొడుగు దొరకలేదు కాబట్టి అక్కడ కడియం వచ్చింది.

గోతిక్ అంటే మధ్యయుగాల్లో మొనదేలిన కమానులతో చర్చిలు కట్టిన శైలి. ఇంగ్లిష్ గోతిక్ అనగానే ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో సన్నని నల్ల కంబాల గుత్తులు, వాటి నడుమ కడియాలు బొమ్మల్లో వేస్తారు. ఆ శైలి సగం ఈ పొర మందం నుంచి పుట్టిందని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో ఇలాంటి నిలువు కంబాలు అంతకుముందే ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయితే అక్కడ చాలావరకు గోడ రంగే కంబం రంగు. నలుపు మీద తెలుపు, తెలుపు మీద నలుపు అనే పిచ్చి మాత్రం ఇంగ్లండుదే, పర్బెక్ చేతికి దొరికాక వచ్చిందే.

అది బాగా ఊపందుకున్నది కాంటర్‌బరీలో. 1174 సెప్టెంబరులో అక్కడి కేథడ్రల్ తూర్పు భాగం కాలిపోయింది. కట్టడానికి ఫ్రాన్స్ నుంచి విలియం ఆఫ్ సెన్స్ అనే మేస్త్రిని పిలిపించారు. పాపం నాలుగేళ్లకు పరంజా మీంచి పడిపోయాడు, పని ఇంకో విలియం, ఇంగ్లండువాడు, పూర్తిచేశాడు. అక్కడి సన్యాసి జెర్వాస్ పాత భవనానికీ కొత్తదానికీ తేడాలు ఒక్కొక్కటే రాసిపెట్టాడు. పాతదాంట్లో మార్బుల్ స్తంభాలే లేవు, కొత్తదాంట్లో లెక్కలేనన్ని అని ఆశ్చర్యపోయాడు. అక్కడినుంచి లింకన్, వెస్ట్‌మినిస్టర్, ఎక్సెటర్, ఎవరు కట్టినా పర్బెక్ కావాల్సిందే. సాలిస్‌బరీకి 1220 ఏప్రిల్‌లో పునాది వేశారు, 1258లో ప్రతిష్ఠ చేశారు. ఏడాదిలో ఎన్ని గంటలో అక్కడ అన్ని స్తంభాలని ఇక్కడివాళ్ల నానుడి. దయచేసి ఎవరూ లెక్కపెట్టకండి, బస్సు వెళ్లిపోతుంది.

సాలిస్‌బరీలో ఇంకో వింత ఉంది. శిఖరం మొదటి ప్లానులో లేదు, తర్వాత పద్నాలుగో శతాబ్దంలో పూర్తయింది. సుమారు 6,500 టన్నులు అంటారు. ఆ బరువంతా కింద నాలుగు మూలల స్తంభాల మీద పడింది. వాటి మొదట్లో నిలబడి పైకి చూడండి, పర్బెక్ కంబాలు విల్లులా వంగి కనిపిస్తాయి. కళ్లజోడు తప్పు కాదు, నిజంగానే వంగాయి. 1668లో ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ వచ్చి కొలిస్తే శిఖరం కూడా ఒరిగిందని తేలింది, ముప్పాతిక మీటరు దాకా. రాయి వంగుతుందా అని పిల్లలు అడుగుతారు. ఒక్కసారిగా వంగదు, వందల ఏళ్లలో, అతుకుల దగ్గర కాస్త కాస్త.

ఇంత రాయి ఎక్కడ చెక్కారు? కార్ఫ్ అనే ఊళ్లో. పాడుబడ్డ కోట ఉన్న ఊరు, మీలో చాలామంది ఫొటోలు దిగి ఉంటారు. క్వారీలో మోటుగా కొట్టిన రాయిని అక్కడికి తెచ్చి, కంబాలు, పీఠాలు, బాప్టిజం తొట్టెలు, సమాధి పలకలు తయారుచేసి పంపేవారు. ఎక్సెటర్ కేథడ్రల్ ఖాతా పుస్తకాల్లో కార్ఫ్ వ్యాపారి విలియం కానన్ పేరు ఉంది. వెస్ట్ స్ట్రీట్‌లో ఇళ్ల కింద తవ్వితే ఆనాటి రాతి పెళ్లలు అడుగుల మందాన వస్తాయి. తయారైన సరుకును బళ్ల మీద పూల్ హార్బర్ ఒడ్డున ఉన్న ఓవర్ అనే రేవుకు చేర్చి పడవలకు ఎక్కించేవారు.

ఆ దారి హక్కు కోసం ఇప్పటికీ ఒక తంతు జరుగుతుంది. ప్రతి ష్రోవ్ ట్యూస్‌డే నాడు, అంటే లెంట్ ఉపవాసాలకు ముందు మంగళవారం, పర్బెక్ రాతి పనివాళ్ల సంఘం కార్ఫ్ టౌన్‌హాల్లో కలుస్తుంది. కొత్తగా చేరే కుర్రాళ్లు రొట్టె, బీరు కూజా పట్టుకుని రావాలి, పాతకాలపు లెక్కలో ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కట్టాలి. తర్వాత ఫుట్‌బాల్ తన్నుకుంటూ వెళ్తారు. ఓవర్‌లో దారి ఇచ్చినందుకు ప్రతిఫలంగా ఒక పౌండు మిరియాలు. మధ్యయుగాల్లో మిరియాలంటే మలబారు తీరం నుంచి రావాల్సిందే. మన దక్షిణాది సరుకు డోర్సెట్ పల్లెలో దారి పన్ను అయిందన్నమాట.

ఈ రాయిని ముందుగా వాడింది గోతిక్ మేస్త్రులు కాదు, రోమన్లు. చిచెస్టర్‌లో 1723లో బయటపడ్డ రోమన్ల కాలంలో అక్కడి స్థానిక రాజు కొగిడుబ్నస్ శాసనం పర్బెక్ పలక మీద చెక్కిందే. రోమన్లు దీంతో రోళ్లు కూడా చేసుకున్నారు. వాళ్లు వెళ్లాక శతాబ్దాల పాటు దీని ఊసు పెద్దగా లేదు. పన్నెండో శతాబ్దంలో ఇక్కడి బిషప్పులు బెల్జియం వైపు నుంచి టూర్నే నల్లరాయి తెప్పించుకునేవారు. అలాంటి మెరుగు మన దగ్గరే దొరుకుతుంటే ఓడ ఖర్చు ఎందుకనుకున్నారు.

కంబాల తర్వాత ఎక్కువగా వాడింది సమాధులకు. వూస్టర్ కేథడ్రల్‌లో జాన్ రాజు బొమ్మ ఉంది, మాగ్నా కార్టా మీద ముద్ర వేసిన జానే. 1232 ప్రాంతంలో పర్బెక్ రాతిలో చెక్కారు. మొదట్లో దానికి రంగులు పూశారట. అంత కష్టపడి మెరుగు వచ్చే రాయి తెచ్చి రంగు పూయడం ఏమిటో, నాకైతే మనసొప్పదు. లండన్ టెంపుల్ చర్చిలో వీరుల బొమ్మలు నేల మీద పడుకుని ఉంటాయి, అవీ చాలావరకు ఇదే రాయి. 1941 మే 10 రాత్రి బాంబులు పడి ఆ చర్చి తగలబడినప్పుడు లోపలి పర్బెక్ స్తంభాలు వేడికి పగిలిపోయాయి. సున్నపురాయికి మంట పడదు. యుద్ధం తర్వాత కొత్త పర్బెక్ రాయి తీసి మళ్లీ నిలబెట్టారు. పాత స్తంభాలు కొంచెం బయటికి ఒరిగి ఉండేవి, కొత్తవాటినీ కావాలనే అదే ఒరుగుతో పెట్టారు. ఆ పట్టింపు నాకు భలే నచ్చింది.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే గురించి చెప్పక్కర్లేదు, మీరే చూశారు. 2023లో చార్లెస్ రాజు పట్టాభిషేకం టీవీలో వచ్చినప్పుడు కుర్చీ కింద రంగురాళ్ల ముగ్గు లాంటి నేల కనిపించింది కదా, అది 1268 నాటిది. రోము నుంచి వచ్చిన పనివాళ్లు వేశారు. రోములో అయితే ఆ రంగు ముక్కలను తెల్ల పాలరాతిలో పొదుగుతారు. ఇక్కడ పర్బెక్‌లో పొదిగారు. బ్రిటన్ రాజు కిరీటం పెట్టుకునేది నత్తల మీద కూర్చుని.

తర్వాత దీని జోరు తగ్గింది. 1348లో ప్లేగు వచ్చింది, అదీ డోర్సెట్ రేవు నుంచే దేశంలోకి వచ్చిందని ఆనాటివాళ్లు రాశారు. జనం మోజు కూడా తెల్లటి, మెత్తటి అలబాస్టర్ అనే రాయి మీదికి మళ్లింది, ముఖం చెక్కడానికి అది సులువు. ఇత్తడి బొమ్మలు బిగించే సమాధి పలకలకు మాత్రం పర్బెక్ ఇంకొంత కాలం నడిచింది. మళ్లీ విక్టోరియా కాలంలో గోతిక్ ముచ్చట లేచినప్పుడు క్వారీలు తెరిచారు. పర్బెక్‌లోనే కింగ్‌స్టన్ అనే ఊళ్లో 1880లో పూర్తయిన చర్చి ఉంది, అక్కడి మార్బుల్ ఆ ఎస్టేటు నేలలోంచే తీశారు. సాలిస్‌బరీ రద్దీ నచ్చనివాళ్లు ఇంకో రోజు అక్కడికి వెళ్లండి, రాయి ఇంకా కొత్తగా ఉంది.

దీనికి బయట వాతావరణం పడదు. వాన, మంచు, పొరల్లోని బంకమన్ను, అన్నీ కలిసి పొట్టు లేపేస్తాయి. లోపల ఉన్నా తేమ తగిలితే మెరుగు పోయి మసకబారుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్‌లో ఆర్కిటెక్ట్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ పొడిరాలుతున్న రాళ్లకు షెల్లాక్, అంటే లక్క ద్రావణం పట్టించాడు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఇలాంటి రాయి ఇండియాలో దొరుకుతుందా అని ఒకరు అడిగారు.)

దొరుకుతుందండీ. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర హాబూర్ అనే ఊరి రాయి ఉంది. పసుపు, గోధుమ రంగుల్లో గుల్లలతో నిండి చాలా అందంగా ఉంటుంది. అవి సముద్రపు గుల్లలు. దానితో గిన్నెలు, గ్లాసులు చేసి అమ్ముతారు. తోడు వేయకుండానే ఆ గిన్నెలో పాలు పెరుగవుతాయని అక్కడి నమ్మకం. గిన్నె ముందురోజు పెరుగు పెట్టినదైతే నేనూ నమ్ముతాను.

(పర్బెక్ మార్బుల్‌తో కిచెన్ ప్లాట్‌ఫామ్ వేయించుకోవచ్చా అని ఇంకొకరు.)

ఇప్పటికీ కొద్దికొద్దిగా తీస్తున్నారు, ఎక్కువగా పాత చర్చిల మరమ్మతులకు. డబ్బుంటే కొనుక్కోవచ్చు. కానీ మన వంటింటికి వద్దమ్మా. నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు ఒలికినా కాల్సైట్‌ను తినేస్తుంది, మెరుగు పోయి తెల్ల మచ్చ పడుతుంది. ప్లాట్‌ఫామ్‌కు గ్రానైటే మేలు. మరీ మనసు పడితే హాల్లో కిటికీ గట్టుకు ఒక పలక వేయించుకోండి, దాని మీద వేడి టీ కప్పు పెట్టకుండా చూసుకోవాలి. శనివారం ఏడున్నరకు బస్సు, టార్చ్ కోసం ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రండి.